గూఢచారి నవల రాస్తున్నాను: వియన్నాలో మొదలై మద్రాసు హార్బరులో ఇరుక్కుపోయింది

మింట్‌వీధి_మురళి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా రాస్తూ, ఆపుతూ వస్తున్న గూఢచారి నవల మొదటి ప్రతి ఎట్టకేలకు పూర్తయింది. ప్రచురణకర్తల గడప తొక్కేముందు ఇక్కడ కథ చెప్పి నాలుగు తిట్లు తినడం మేలనిపించింది.

నేపథ్యం నిజం. సోవియట్ యూనియన్ దగ్గర అద్దెకు తీసుకున్న అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ చక్ర 1988 ఫిబ్రవరిలో విశాఖ చేరింది. మూడేళ్లు మన నౌకాదళంలో ఉండి 1991లో వెనక్కి వెళ్లిపోయింది. ఇక్కడి నుంచి నా కల్పన. అది రావడానికి ముందు, 1987లో, విశాఖ ఒడ్డున దానికోసం ఏమేం అమరుస్తున్నారో తెలుసుకోవాలని ఒక పడమటి దేశపు నిఘా సంస్థ ప్రయత్నిస్తుంది. ఆ సంస్థకి దొరికినవాడు సూర్యం. నెల్లూరువాడు, మద్రాసు సౌకార్‌పేటలో అద్దెకుంటాడు, ప్యారీస్ కార్నర్‌లో ఒక స్టీమర్ ఏజెంటు ఆఫీసులో, అంటే ఓడల కంపెనీల తరఫున రేవులో పనులు చూసే ఆఫీసులో గుమస్తా.

మొదటి అధ్యాయం వియన్నా. సూర్యం ఒక కేఫ్‌లో ఫిల్ము రోలు అందించి బయటికొస్తాడు. కాల్పులు. ముగ్గురు పోతారు. తర్వాత కథ వెనక్కి వెళ్తుంది. చివర్లో మెరీనా లైట్‌హౌస్ మెట్ల మీద మన విదేశీ నిఘా సంస్థ 'రా' ఏజెంట్లు సూర్యాన్ని తరుముతారు.

చదివిన స్నేహితులందరూ మొదటి అధ్యాయం అదిరిందన్నారు. నాలుగో అధ్యాయం దాటినవాడు ఒక్కడూ లేడు. ఎందుకని?

షాడో_భక్తుడు

ముగ్గురు ఏం సరిపోతారు సార్? నెల్లూరులో అద్దె పుస్తకాల షాపు అరుగు మీద కూర్చుని మధుబాబు గారి షాడో నవలలు నమిలేసిన ప్రాణం నాది. అక్కడ రెండో పేజీకే పారాచూట్ విప్పుకునేది. మీ నాలుగో అధ్యాయంలో ఏముంది? సూర్యం చిన్నప్పుడు వాళ్ల నాన్న చేసిన అప్పులా? ఆ చోట పారాచూట్ పెట్టండి.

కన్నెమరా_మూల

నాకు నాలుగో అధ్యాయం దాకా కూడా అక్కర్లేదు, మొదటి పేజీలోనే అనుమానం వచ్చింది. 1987లో ప్యారీస్ కార్నర్ గుమస్తా వియన్నా ఎలా వెళ్లాడు? పాస్‌పోర్టుకి పోలీసు విచారణ. టికెట్టు అతని చాలా నెలల జీతం. అది విదేశీ డబ్బుని కట్టడి చేసిన ఫెరా చట్టం కాలం, డాలర్లు కావాలంటే లెక్క చెప్పాలి. ఒక్కడే యూరప్ వెళ్లొచ్చిన గుమస్తా గురించి మర్నాడు ఆఫీసు మొత్తం మాట్లాడుకుంటుంది. ఏ నిఘా సంస్థా తన మనిషిని అలా వెలుగులోకి నెట్టదు. అతన్ని నడిపేవాడే మద్రాసు రావాలి. కాన్సులేటు వాడుగానో, యంత్రాల కంపెనీ ప్రతినిధిగానో.

ఇంకొకటి. రా ఏజెంట్లు మెరీనాలో తరమడమేంటి? 1968లో 'రా' సంస్థని ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి విడదీసింది విదేశాల్లో పనికోసం. దేశం లోపల గూఢచారుల్ని పట్టే పని బ్యూరోది. బ్యూరోకి అరెస్టు చేసే అధికారం లేదు, కాబట్టి చివరికి తలుపు తట్టేది పోలీసులు, చేతిలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం.

మింట్‌వీధి_మురళి

కన్నెమరా గారూ, వియన్నాని ఊరికే పెట్టలేదండీ. అక్కడి అప్పటి చట్టం ప్రకారం గూఢచర్యం చాలావరకు ఆస్ట్రియాకి నష్టం చేస్తేనే నేరం. మిగతా దేశాలవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు నిఘా వేసుకుంటే వాళ్లకి పెద్దగా పట్టింపు ఉండేది కాదు. పైగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1957 నుంచీ, చమురు దేశాల సంఘం ఒపెక్ 1965 నుంచీ అక్కడే ఉన్నాయి, ఎవరు ఎవరితో కాఫీ తాగినా అడిగేవాడు లేడు. 1955 దాకా నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్న ఊరు. ఇంత సరుకున్న ఊరిని వదులుకోమంటారా?

కన్నెమరా_మూల

ఊరు మంచిదే. సూర్యం అక్కడ ఉండటమే బాగాలేదు. అతన్ని నడిపే అధికారి తన పైవాళ్లని కలవడానికి వియన్నా వెళ్లనివ్వండి. అక్కడ ఒక గదిలో కూర్చుని సూర్యం తలరాత రాస్తారు, ఆ సంగతి సూర్యానికి తెలియదు. కేఫ్‌లో కాల్పుల కన్నా అదే ఎక్కువ భయపెడుతుంది.

రాయపురం_రాజ్యం

మురళీ, నేను స్టీమర్ ఏజెంటు ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను. మీ నవలలో ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అసలు సూర్యం చేతికి వచ్చే రహస్యం ఏంటి? సైన్యం సరుకు వస్తే ఎంబార్కేషన్ హెడ్‌క్వార్టర్స్ వాళ్లు విడిపించుకుంటారు, ప్రైవేటు గుమస్తాకి పెట్టె మూత కూడా కనిపించదు. పైగా విశాఖకి సొంత రేవు ఉంది. అక్కడికి పోయే యంత్రాలు మద్రాసులో ఎందుకు దిగుతాయి?

కానీ దారి ఉంది. ఓడ ఒడెస్సా నుంచి బయల్దేరి మద్రాసులో కొంత సరుకు దించి, తర్వాత విశాఖ వెళ్తుందనుకో. మద్రాసు కస్టమ్స్‌కి ఇచ్చే మేనిఫెస్టులో, అంటే సరుకు జాబితాలో, ఇక్కడ దిగేదే కాదు, ఓడలోనే ఉండి ముందు రేవుకి వెళ్లే సరుకు కూడా చూపించాలి. సేమ్ బాటమ్ కార్గో అంటాం. అంటే విశాఖలో ఏం దిగబోతోందో విశాఖకన్నా ముందు మద్రాసు గుమస్తాకి తెలుస్తుంది. పేరు దగ్గర 'యంత్ర భాగాలు' అని మాత్రమే రాస్తారు, నిజమే. కానీ బరువు దాచలేరు. ఒక్కో పెట్టె ముప్పై ఎనిమిది టన్నులని రాశారంటే దాన్ని ఎత్తడానికి ఏ క్రేను కావాలో, ఓడ సొంత డెరిక్కు చాలుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఆ ఉత్తరాలన్నీ ఏజెంటు ఆఫీసు మీదుగానే పోతాయి. పెట్టెల పొడవు, వెడల్పు, బరువు, ఎన్నో నెలలో ఎన్ని వచ్చాయి. ఇవి వరసగా రాసుకుంటే విశాఖలో ఏం లేస్తోందో తెలిసినవాడు గీసి చూపిస్తాడు. ఫిల్ము రోలు ఎందుకు నాయనా? ఒక చీటీ చాలు.

అన్నట్టు మెరీనా లైట్‌హౌస్‌లో లిఫ్టు ఉంది. 1977లో కట్టినప్పుడే.

మింట్‌వీధి_మురళి

రాజ్యం గారూ, సేమ్ బాటమ్ కార్గో! ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నా నాలుగో అధ్యాయంలో సూర్యం అర్ధరాత్రి గోడ దూకి నేవీ గోదాములోకి పోతాడు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే పగలు పదకొండింటికి, తన కుర్చీలో కూర్చుని, జీతం తీసుకుంటూ ఆ పని చేయొచ్చు.

షాడో_భక్తుడు

అయ్యా, గుమస్తా కుర్చీలో కూర్చుని టన్నులు రాసుకోవడం థ్రిల్లరా? అది మా బావమరిది ఉద్యోగం. గోడ దూకడం తీసేస్తే పాఠకుడికి ఏం మిగిలింది? జనం నిజం కోసం గూఢచారి నవల కొనరు. తాము ఎప్పటికీ చేయలేనిది ఎవడో చేస్తుంటే చూడ్డానికి కొంటారు. ఈ మాట ఇక్కడున్న పెద్దలు ఒప్పుకోరని తెలుసు.

అడయార్_అనసూయ

భక్తుడు గారూ, నేను సగం ఒప్పుకుంటాను. పాఠకుడికి గుండె దడ కావాలి. అది గోడ దగ్గరే దొరుకుతుందన్న మాటే ఒప్పుకోను.

ఓలెగ్ గోర్దియెవ్‌స్కీ సంగతి చూడండి. సోవియట్ నిఘా సంస్థ కేజీబీలో ఉంటూ బ్రిటిషువాళ్లకి పనిచేసినవాడు. 1985లో మాస్కోకి వెనక్కి పిలిచారు, అనుమానం తగిలింది. తప్పించమని అడగడానికి సంకేతం ఏంటంటే, ఒక వీధి మూల చేతిలో సేఫ్‌వే దుకాణం సంచి పట్టుకుని నిలబడాలి. సంకేతం అందిందని చెప్పడానికి హారడ్స్ సంచి పట్టుకుని చాక్లెట్టు తింటూ ఒక మనిషి పక్కనుంచి పోవాలి. అంతే. తర్వాత బ్రిటిషు దౌత్యవేత్తల కారు డిక్కీలో పడుకుని ఫిన్లాండ్ సరిహద్దు దాటాడు. చెక్‌పోస్టు దగ్గర కుక్కలు కారు చుట్టూ వాసన చూస్తుంటే, కారులో వచ్చిన దౌత్యవేత్త భార్య పసిపాపని డిక్కీ మీద పడుకోబెట్టి డైపర్ మార్చింది. కుక్కలు వెళ్లిపోయాయి. ఒక్క తూటా లేదు. అతను బతికే బయటపడ్డాడని తెలిసి చదివినా ఆ చోట ఊపిరి బిగబడుతుంది. అలాంటి చోట కాల్పులు పెడితే టెన్షన్ పోతుంది, ఎందుకంటే తుపాకీ పేలగానే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలకుండా ఉన్నంతసేపే భయం.

మురళి గారికి ఒక ప్రశ్న. మీ కథలో ఆడవాళ్లున్నారా?

మింట్‌వీధి_మురళి

ఉందండీ, ఎలీనా అని. సూర్యాన్ని ఆకర్షించి...

అడయార్_అనసూయ

అనుకున్నాను.

షాడో_భక్తుడు

ఎందుకండీ అంత చులకన? అది కట్టుకథ కాదు. మద్రాసులో పనిచేసిన రా అధికారి ఒకాయన ఒక మహిళ వలలో పడి సమాచారం ఇచ్చాడని ఆ 1987లోనే అరెస్టయ్యాడు. పేపర్లలో వచ్చింది.

అడయార్_అనసూయ

వచ్చింది. ఆ వార్తల్లో ఆమె ఎవరు, ఆమెను ఎవరు ఎలా లొంగదీశారు అన్నది ఎవరికీ పట్టలేదు కదా. నవలాకారుడికి అక్కడ ఎంత చోటుందో చూడండి.

కానీ నేను చెప్పదలచుకున్నది వేరు. మెలిటా నార్వుడ్ పేరు విన్నారా? లండన్‌లో లోహాల పరిశోధన సంఘంలో సెక్రటరీ. ఆ సంఘం బ్రిటన్ అణుబాంబు పనిలో భాగం. బాస్ గదిలోని కాగితాలు తీసి సోవియట్‌వాళ్లకి ముప్పై ఏళ్లకు పైగా అందించింది. 1999లో బయటపడేసరికి ఆవిడకి 87 ఏళ్లు. విలేకరులు ఇంటికొస్తే తోటలో నిలబడి ప్రకటన చదివింది. కేసు పెట్టలేదు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదంటే కారణం, టైపిస్టు ముందు మగవాళ్లు అన్నీ మాట్లాడేస్తారు. ఆమె అక్కడుందన్న సంగతే వాళ్లకి గుర్తుండదు. ఆవిడ పేరు బయటికి తెచ్చింది ఇంకో కాగితాల మనిషి, కేజీబీ దస్తావేజుల గదిలో పనిచేసిన మిత్రోఖిన్. ఏళ్ల తరబడి ఫైళ్లు చేత్తో నకలు రాసి ఇంటి నేల కింద దాచి, 1992లో బ్రిటన్ వెళ్లిపోయాడు.

మురళి గారూ, ఆ ప్యారీస్ కార్నర్ ఆఫీసులో టైపిస్టు లేదా?

రాయపురం_రాజ్యం

టైపిస్టు ఏంటమ్మా, టెలెక్సు ఆపరేటరు ఉంటుంది! టైపు చేసిన సందేశాలు తీగ మీద పంపే, అందుకునే యంత్రం అది. ఓడ ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో, ఏ పెట్టె ఎంత బరువో, అన్నీ ముందు ఆమె చేతి మీదుగానే పోయేవి. మేనేజరు చదివేది ఆమె చదివాక. మా ఆఫీసులో ఆ సీట్లో ఎక్కువమంది ఆడపిల్లలే ఉండేవాళ్లు. సాయంత్రం ఆలస్యమయ్యేది, ఎందుకంటే యూరప్ వాళ్లకి అప్పుడు మధ్యాహ్నం.

వైట్‌ఫీల్డ్_కిరణ్

బెంగళూరు నుంచి ఆలస్యంగా వస్తున్నాను, క్షమించాలి. సూర్యమో, టెలెక్సు అమ్మాయో, వాళ్లకి పై నుంచి ఆదేశాలు ఎలా వస్తాయి? మొదటి ప్రతిలో ఏం రాశారు మురళి గారూ?

మింట్‌వీధి_మురళి

బూటు మడమలో వైర్‌లెస్ సెట్టు.

వైట్‌ఫీల్డ్_కిరణ్

తీసేయండి సార్. ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉందా? చాలు. అప్పట్లో షార్ట్‌వేవ్‌లో అంకెల స్టేషన్లు ఉండేవి. ఒక గొంతు అయిదేసి అంకెల గుంపులు చదువుకుంటూ పోతుంది. ప్రపంచమంతా వినొచ్చు, అర్థమయ్యేది ఒక్కరికే. వినేవాళ్లు ఏదీ పంపరు కాబట్టి పట్టుకోవడానికి ఆచూకీ ఉండదు. మద్రాసులో రేడియో సిలోన్ కోసం రాత్రిళ్లు ముల్లు తిప్పే ఇళ్లు ఎన్నో. ఎవరు అనుమానిస్తారు?

విప్పే పద్ధతి నవలలో చూపించదగ్గంత తేలిక. ఇద్దరి దగ్గరా ఒకే అంకెల పుస్తకం ఉంటుంది, ఒక్కో పేజీ ఒక్కసారే వాడి కాల్చేయాలి. అసలు సందేశం 4, 7, 1 అనుకోండి. పేజీలో ఉన్నవి 8, 5, 6. కూడండి, పదులు వదిలేయండి. 2, 2, 7 వస్తుంది. రేడియోలో చదివేది అదే. వినేవాళ్లు తమ పేజీలోని అంకెల్ని తీసేస్తే (చాలకపోతే పది కలుపుకుని) మళ్లీ 4, 7, 1. పేజీలోని అంకెలు నిజంగా వరసా వాయీ లేనివైతే, ఒక్కసారే వాడితే, ఇది ఎంత పెద్ద కంప్యూటరుకీ లొంగదు. గణితంగా నిరూపించారు.

మరి ఎక్కడ చెడుతుంది? మనిషి దగ్గర. 1942 ప్రాంతంలో యుద్ధపు హడావుడిలో సోవియట్‌వాళ్లు కొన్ని పేజీలు రెండుసార్లు అచ్చేశారు. అమెరికన్లు ఆ సందు పట్టుకుని వెనోనా పేరుతో 1943 నుంచి 1980 దాకా పాత టెలిగ్రాములు విప్పుతూ కూర్చున్నారు. అచ్చాఫీసులో ఎవరో పని తొందరగా ముగించాలనుకుంటే, వేరే ఖండంలో మనుషులు దొరికిపోయారు. మీ కథకి విలన్ కావాలంటే ఆ తొందరని మించింది లేదు.

కన్నెమరా_మూల

కిరణ్ గారి పోస్టు అచ్చం ఇంజనీరు రాసినట్టే ఉంది, అయినా దాచుకుంటున్నాను.

డబ్బు సంగతి మిగిలింది. సీఐఏలో ఉంటూ సోవియట్‌వాళ్లకి అమ్ముడుపోయిన ఆల్డ్రిచ్ ఏమ్స్‌కి ఇరవై లక్షల డాలర్ల పైనే ముట్టింది. అయిదు లక్షల నలభై వేల డాలర్ల ఇల్లు నగదుతో కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకి వచ్చేవాడు. జీతం డెబ్భై వేల లోపు. అయినా 1994 ఫిబ్రవరి దాకా పట్టుకోలేదు. అది వాషింగ్టన్. సౌకార్‌పేటలో అయితే కొత్త మిక్సీ కొన్నా పై వాటా మామి అడుగుతుంది. మీ టెలెక్సు ఆపరేటరుకి డబ్బిస్తే అది ఎక్కడ దాస్తుంది? పోస్టాఫీసు పాస్‌బుక్కులోనా, తమ్ముడి ఫీజులోనా, చీటీ పాటలోనా? అసలు ఆమె డబ్బుకే చేస్తోందా? నార్వుడ్ సిద్ధాంతం కోసం చేసింది. ఏమ్స్ డబ్బుకి. కొందరు తమని ప్రమోషన్‌లో తొక్కేశారన్న కక్షతో. కొందరు బెదిరింపుకి లొంగి. ఇది తేలకపోతే ఎన్ని ఓడలొచ్చినా లాభం లేదు. సూర్యం ఎందుకు చేస్తున్నాడో మీ పోస్టులో ఒక్క వాక్యం లేదు.

షాడో_భక్తుడు

అబ్బా, ఇదే మాట నేనూ అనబోతున్నా! నాలుగో అధ్యాయంలో ఆపేసింది ఇందుకే అయ్యుంటుంది. షాడోకి కారణం అక్కర్లేదు, దేశం కోసం. ద్రోహికి మాత్రం కారణం కావాలి.

నిర్వాహకులు

రామేశ్వరం, శ్రీలంక, అప్పటి రాజకీయాల మీద వచ్చిన కొన్ని పోస్టులు వేరే చర్చకి మార్చాం. ఇక్కడ నవల మీదే మాట్లాడండి.

మద్రాసు_పాతకథలు

నవల మీదే, ఒక్క మాట. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు చమురు ట్యాంకుల్ని తగలబెట్టిన జర్మన్ ఓడ ఎమ్డెన్, ఆ యాత్రలో దూరం నుంచి బ్రిటిషు ఓడలా కనబడటానికి నాలుగో పొగగొట్టం ఉత్తిది పెట్టుకుంది. తెరగుడ్డతో. మారువేషానికి అంతకన్నా పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇక మీరు కానివ్వండి.

మింట్‌వీధి_మురళి

ఆదివారమంతా కూర్చున్నాను. సూర్యం ఉన్నాడు, కానీ ఇప్పుడు పక్క టేబులు. కథ టెలెక్సు సీటుకి మారింది. ఆమె పేరు సరళ. కారణం కూడా దొరికిందనుకుంటున్నాను: సీనియరైనా ఆమెని కాదని సూర్యాన్ని హెడ్ క్లర్కుని చేశారు. ఆమె నోరెత్తలేదనే అందరూ అనుకుంటారు. ఎత్తిందని ఎవరికీ తెలియదు, అంతే. మొదటి పేజీ చిత్తుప్రతి:

'అయిదున్నరకి ఆఫీసులో మిగిలేది సరళ, యంత్రం. మేనేజరు వెళ్తూ వెళ్తూ ఫ్యాను కట్టేసి పోయేవాడు, గదిలో మనిషి ఉందని చూసుకోకుండానే. ఆమె లేచి ఫ్యాను వేసుకుని మళ్లీ కూర్చునేది. ఆరుంబావుకి యంత్రం కదిలింది. ఓడ పేరు, తేదీ, పెట్టెల సంఖ్య. బరువు దగ్గరకి వచ్చేసరికి సరళ పెన్సిలు తీసింది. ఆ రోజు రాసుకోవడానికి కాదు. రాసుకోవాల్సిన అవసరం లేకుండా ఆమెకి అంకెలు గుర్తుంటాయని హెర్బర్ట్ దొరకి ఇంకా తెలియదు. తెలియనివ్వడం మంచిదా కాదా అని ఆలోచిస్తూ పెన్సిలు చెక్కింది.'

అడయార్_అనసూయ

ఫ్యాను కట్టేసిపోవడం బాగుంది. నాకు ఆ పిల్ల మీద కోపం రావట్లేదు, అది కాస్త కంగారుగా ఉంది. అలాగే ఉంచండి.

షాడో_భక్తుడు

పారాచూట్ లేదు. అయినా రెండో పేజీ అడుగుతున్నాను. హెర్బర్ట్ ఎవడు?

వైట్‌ఫీల్డ్_కిరణ్

అంకెలు గుర్తుండే మనిషి అంటే అంకెల పుస్తకం పేజీలు కాల్చక్కర్లేదు, మనసులోనే పెట్టుకోగలదు అనుకోకండి. ఒక్కో పేజీలో వందల అంకెలుంటాయి. పేజీ ఉండాల్సిందే, కాల్చాల్సిందే. వంటింట్లో పని కాబట్టి కాల్చడం తేలికే.

రాయపురం_రాజ్యం

బాగుంది మురళీ. అయితే యంత్రం కొట్టిన కాగితం ఏం చేస్తోందో రాయలేదు నువ్వు. టెలెక్సు రోలులో కార్బను నకలు కూడా వస్తుంది. పైది మేనేజరు బల్ల మీదికి, నకలు ఫైలుకి. రెండూ మర్నాడు పొద్దున సరిచూసే మనిషి ఒకడుంటాడు. మా దగ్గర అది హెడ్ క్లర్కు పని. అంటే మీ కథలో సూర్యం. రోజూ పొద్దున్నే ఆమె ముందు కూర్చుని కాగితాలు లెక్కపెట్టేది అతనే. అతనికి ఎప్పుడు అనుమానం రావాలో ఆలోచించుకో.

మింట్‌వీధి_మురళి

ఏడో అధ్యాయంలో రావాలనుకుంటున్నానండీ. కానీ వచ్చాక అతను ఎవరికీ చెప్పకపోతే?

కన్నెమరా_మూల

ఎందుకు చెప్పడు? ముందు అది తేల్చి రాయండి. అప్పటిదాకా వియన్నా గది తలుపు తీయకండి.